నలభై ఒక్క తప్పులు

నగరి,
ఆదివారం.

చిరంజీవి రూపశ్రీకి నాయన దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, అవ్వ, నేను బాగున్నాము. చెన్నైలో నువ్వూ బాగున్నావని రాశావు కానీ, ఉత్తరం మొత్తం చదివాక ఆ ఒక్క మాట నమ్మబుద్ధి కాలేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అవ్వ కంటికి కట్టు విప్పారు. గోడ మీది క్యాలెండరులో తిథి తానే చదువుకుంటోంది. అంతటితో ఆగకుండా అమ్మ బియ్యంలో వదిలేసిన రాళ్లు కూడా ఏరి చూపిస్తోంది కాబట్టి ఇంట్లో కొంచెం గొడవగానే ఉంది. నువ్వు వాయించే కీబోర్డు మీద పాత లుంగీ కప్పి ఉంచాను. మగ్గాల షెడ్డు నుంచి నూలు దుమ్ము వస్తూనే ఉంటుంది, రెండు రోజులకొకసారి దులుపుతున్నాను. నా పని మామూలే. మగ్గం దిగిన చీరలు బల్ల మీద పరిచి చూడటం, తెగిన పోగో జారిన అంచో కనిపించిన చోట సుద్దతో గుర్తు పెట్టడం. ఇరవై రెండేళ్లుగా తప్పులు వెతకడానికే అలవాటుపడిన కళ్లు ఇవి.

ఇక నీ చివరి ప్రశ్న. బెంగళూరు సంగీత కళాశాల వాళ్లు నిన్ను తీసుకోలేదు కాబట్టి ఇకమీదట జాజ్ వాయించనని రాశావు. బాఖ్ సంగీతాన్ని కాగితం మీద ఉన్నది ఉన్నట్టు పిల్లలకు నేర్పే ఉద్యోగం దొరికిందని, నీతో కలిసి వాయించే ఆ ఇద్దరినీ వేరే మనిషిని చూసుకోమని చెప్పబోతున్నావని రాశావు. ‘ఆ పొద్దు ఒక ముక్క వాయిస్తే నువ్వు మొహం చిట్లించినావు. అప్పుడే నాకు తెలియాల్సింది నాయనా. సరేనని ఒక్క మాట రాయి’ అన్నావు.

ఆ మాట నేను రాయలేను. ఎందుకు రాయలేనో ఫోనులో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కాను. నీ గొంతు వినగానే, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను.

నీకు పదేళ్లప్పటి నుంచి ప్రతి ఆదివారం పుత్తూరు, వడమాలపేట మీదుగా బస్సులో తిరుపతికి, గంగాధరం సారు దగ్గరికి తీసుకుపోయేవాణ్ణి. నువ్వు లోపల పియానో నేర్చుకుంటుంటే నేను వరండాలో కూర్చునేవాణ్ణి. మూడు వందల ఏళ్ల కిందటి ఆ జర్మనీ బాఖ్ సంగీతం నాకేం అర్థమవుతుంది? అయినా నచ్చింది. కుడిచేయి మొదలుపెట్టిన వరసను ఎడమచేయి అందుకుని, కాస్త దిగువన మళ్లీ చెప్పేది. ఎక్కడా పోగు తెగేది కాదు. నికార్సయిన అంచున్న చీరను పరిచి చూసినట్టుండేది. ఆ సంగీతం నాకు తెలుసని గర్వం కూడా వచ్చింది. అక్కడే చెడింది.

పోయిన వేసవిలో పరీక్షలకని చెన్నై రైలెక్కుతూ, కళాశాలకు పంపాల్సిన పెన్‌డ్రైవు, దరఖాస్తు నా చేతిలో పెట్టావు. సంతకం పెట్టి కొరియర్ చేయమన్నావు. పంపేముందు ఒకసారి విందామనుకున్నాను. విన్నాను. నాకు తెలిసిన పాటే, కానీ తాళం ఒక పక్కకు వాలిపోయింది. ఎడమచేయి ఆలస్యంగా పడుతోంది. వరసలో లేని స్వరాలు వచ్చి చేరుతున్నాయి. నడుమ మూడు నిమిషాలైతే అసలు పాటే లేదు, నువ్వు ఎక్కడికో వెళ్లి తిరిగొచ్చావు. ఎప్పుడో పియానో పరీక్ష కోసం నువ్వు ఉన్నది ఉన్నట్టు వాయించిన పాత రికార్డింగు కంప్యూటర్‌లో ఉంది కదా, దాన్ని పక్కన పెట్టుకుని కాగితం మీద నిమిషాలు, సెకన్లు వేసి గుర్తులు పెట్టాను. నలభై ఒక్క తప్పులు తేలాయి. చీరలో మూడు కనబడితేనే పక్కన పడేస్తాం.

రూపా, నువ్వు వాయించింది వాళ్లకు చేరలేదు. దాన్ని కంప్యూటర్‌లో ఉంచేసి, పెన్‌డ్రైవులో ఆ పాత రికార్డింగు ఎక్కించి పంపాను. బిడ్డ తొందరలో తప్పులున్నది ఇచ్చిపోయింది, నేను కాపాడాను అనుకున్నాను. నీకు చెప్పి చేయాలని తోచలేదు. కాదు, ఇది కూడా అబద్ధమే. చెబితే నువ్వు ఒప్పుకోవని తెలిసే చెప్పలేదు.

వాళ్లు వద్దన్నారని నువ్వు ఫోనులో చెప్పిన మర్నాడు కళాశాలకు ఫోన్ చేశాను. ఎంపిక చూసిన మేడమ్‌కు తెలుగు వచ్చు. “ఒక్క స్వరం కూడా తప్పు లేదండీ. కానీ పాత సంగీతాన్ని ఈ కాలం మనిషి తనదిగా ఎలా వాయిస్తుందో చూపించమని కదా మేము అడిగింది. ఇందులో మీ అమ్మాయి ఎక్కడుంది?” అని అడిగారు.

నీ రికార్డింగు, నా కాగితం పట్టుకుని సారు దగ్గరికి వెళ్లాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నారు. నా గుర్తులు చూసి నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

“ఆ కాలంలో అంతా రాసేవాళ్లు కాదప్పా. శానాసార్లు ఎడమచేతికి నాలుగు స్వరాలు రాసి, పైన ఏం నింపల్లనో వాయించేవాని చేతికే వదిలేసేవాళ్లు. జాజ్ వాళ్లు చేసేదీ అదే. మీ పాప పాతపనే చేసినాది, తన నడకలో. ఇంగొకసారి ఇను. ఏడో తప్పని పెట్టినావే, ఆ స్వరం మళ్లీ యాడొస్తాదో సూడు” అన్నారు.

విన్నాను. ఆ స్వరం కాసేపటికి ఎడమచేతిలో వచ్చింది. ఇంకాసేపటికి రెండు చేతుల్లోనూ వచ్చింది. మగ్గం మీద కూడా తప్పు తిరిగి వస్తుంది, కానీ ఎప్పుడు వచ్చినా అదే చోట, అదే రూపంలో వస్తుంది. ఇది వచ్చిన ప్రతిసారీ కొంచెం మారి వచ్చింది. తప్పు అలా రాదు. నువ్వు కావాలని వేసిన నేత అది. నడుమ ఆ మూడు నిమిషాలు వచ్చేసరికి సారు ముందే ఏడ్చాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ వడ్డిస్తున్న గరిటె కింద పెట్టేసింది. “ఇరవై దినాలుగా ఆ బిడ్డ తనకేమీ రాదనుకుంటా ఉండాది. నువ్వే సెప్పల్ల. నేను సెప్పను” అంది. అవ్వ నా వైపు చూడకుండానే, “గుడ్డ సూసేవోడివి, పాట జోలికి ఎందుకు పోయినావురా?” అంది. అప్పటికీ పిరికితనంతో నాలుగు రోజులు నాన్చాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది.

మేడమ్‌కు మళ్లీ ఫోన్ చేసి చేసిందంతా ఒప్పుకున్నాను. ఈ ఏడు సీట్లు నిండిపోయాయట. వచ్చే ఏడు అమ్మాయే స్వయంగా పంపితే వింటామన్నారు. నీ బతుకులో ఒక ఏడాదిని నేను పాడుచేశాను. దాన్ని ఎలా తెచ్చివ్వాలో నాకు తెలియదు.

ఉద్యోగంలో చేరతానంటే చేరు తల్లీ. జాజ్ మానేయాలని నీకే అనిపిస్తే మానేయి, నేను అడ్డురాను. వాళ్లు వద్దన్నారని మాత్రం మానేయవద్దు. వాళ్లు నీ వాయింపు విననేలేదు. విన్నది నేను. విని వద్దన్నది నేనొక్కణ్ణే.

ఇట్లు,
నీ కోపానికి తలవంచి ఉన్న నాయన,
మునిశేఖర్