పెనుమూడి చీటీలు

చిరంజీవి ప్రశాంతికి,

నాన్న ఆశీస్సులు. రేపల్లెలో అమ్మ కులాసా. నేనూ ఏదో ఉన్నాను. బాపట్ల కాలేజీలో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. ఫోను చేయొచ్చుగా అంటావు. మూడుసార్లు చేశాను. నీ గొంతు వినగానే "తిన్నావా" అని అడిగి పెట్టేశాను.

నీ వ్యాసమూ ఉత్తరమూ అందాయి. మెట్టెలుకకు మన వైపు వేరే పేరుందా అని అడిగావు. నాకు తెలిసి లేదు. మెత్తటి బొచ్చు, నేల నెర్రెల్లో కాపురం, అంతే. మిల్లార్డియా మెల్టాడా అనడానికి నాకిప్పుడు నోరు తిరిగింది. మొదటిది ఇంటిపేరు, రెండోది సొంత పేరు, ఉపజాతికి వచ్చే మూడోది ఊరి పేరులాంటిదని నువ్వు చెప్పింది అమ్మకు తెగ నచ్చింది. "ఎలుకలక్కూడా ఇంటిపేర్లున్నాయంటమ్మా" అని వీధంతా చాటింది.

వ్యాసం చివర "సేకరణ: సుందరయ్య, పెనుమూడి" అని చూసినప్పటి నుంచి నాకు కుదురు లేదు. అల్లిన ఎలుకల బుట్ట విప్పుతాను, మళ్ళీ అల్లుతాను. "ఏంటయ్యా, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అని అమ్మ విసుక్కుంది.

నేను పట్టి పంపిన నందివెలుగు ఎలుకలూ పెనుమూడి ఎలుకలూ కొలతల్లో ఒక్క తీరుగా ఉన్నాయనీ, రెండు చోట్లా ఒకే ఉపజాతి అనీ, సోమవారం సభలో అదే చదువుతాననీ రాశావు. ఒక్క తీరుగా ఎందుకుండవు తల్లీ? అన్నీ నందివెలుగువే.

తిట్టు, కానీ పూర్తిగా చదువు. పెనుమూడిలో హనుమంతరావుగారి మినుము చేలో పన్నెండు పడ్డాయి. ఎన్ని పట్టామో రైతుకు తోకలతోనే చూపించి కూలి తీసుకుంటాం కదా, నాకది ముప్పై ఏళ్ల అలవాటు. ఆయన గట్టు మీదకొచ్చి "ఎన్ని పడ్డాయి సుందరయ్యా?" అన్నాడు. "పన్నెండండి" అంటూ తోకలు కోసేసి ఆయన చేతిలో పెట్టాను. ఉపజాతి తేల్చడానికి తోక పొడుగే ముఖ్యమని నువ్వు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది.

మళ్ళీ బుట్టలు పెడితే మూడు రోజులైనా ఒక్కటీ పడలేదు. నీకేమో గడువు దగ్గరపడింది. నందివెలుగులో మీ సుశీలత్త వాళ్ళ చేలో పన్నెండు పట్టి, పెనుమూడి చీటీలు కట్టాను. ఎలుక ఎలుకే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. చదువు రాక చేసింది కాదు, పొగరుతో చేసింది. సిగ్గుగా ఉంది.

మొన్నటి నుంచి పెనుమూడిలోనే ఉన్నాను. నాలుగు పడ్డాయి. హనుమంతరావుగారు తోకలడిగితే "ఈసారి ఇవ్వనండి, అవి మా అమ్మాయివి" అన్నాను. పొట్టివో పొడుగువో నేను కొలవలేదు, నువ్వే చూడు. ఆ డబ్బాతో పాటే ఈ ఉత్తరం బస్సులో పంపుతున్నాను.

సోమవారం రెండు చోట్లా ఒకటేనన్న ఆ మాట చదవకు. నా పేరు మాత్రం తీసేయకు. పక్కన పెనుమూడి కొట్టేసి నందివెలుగు అని రాయి. తప్పు ఎవరిదో మీ సార్లకు తెలియాలి, నీది కాదని తెలియాలి.

ఇట్లు,
మీ నాన్న
సుందరయ్య,
ఈసారి నిజంగానే పెనుమూడి నుంచి.