తారాటా పెళ్లిలో కుక్కర్లు

కొచబాంబా

చిరంజీవి సెనోబియాకు దోన్ ఎవరిస్తో ఆశీస్సులు.

తారాటా వెళ్లి ఇన్నాళ్లయినా నువ్వు ఒక్క ప్రెషర్ కుక్కరూ అమ్మలేదు. కార్నివాల్ పండుగ లోపు అమ్మకపోతే ఉద్యోగం ఊడినట్టే. అమ్మేవాళ్లకు క్రమశిక్షణ ఉండాలి, తెగింపూ ఉండాలి. నేర్పిన మాటలు ఇంటింటా పొల్లుపోకుండా చెప్పు.

ఇట్లు, నీ మేనేజరు.

తా.క. ఎవరైనా చిచా పోస్తే ముట్టుకోకు. డ్యూటీలో మొక్కజొన్న కల్లేమిటి?

తారాటా

అయ్యా, నమస్కారాలు.

చిచా వద్దన్నందుకు మొదటి ఇంటి ముసలమ్మ గుమ్మంలోనే నిలదీసింది. "మేం పోస్తే తాగవు గానీ, నీ గిన్నెలో మేం వండుకోవాలా తల్లీ?" అంది. రెండో ఇంటి నుంచి తాగుతున్నాను.

ఇక్కడ ఎలోయిసా అనే పిల్లకు పెళ్లి. ఇక్కడ పెళ్లిలో ఒక్కో ఖర్చు భరించే పెద్దమనిషిని పద్రీనో అంటారు; కేకుకు ఒక పద్రీనో, ఉంగరాలకు ఒకాయన, బ్యాండుకు ఇంకొకాయన కుదిరారు. "కుక్కర్‌కు మీరే పద్రీనో అవ్వండి, పెళ్లిదాకా గుట్టుగా ఉంచండి" అన్నాను ఒకాయనతో. ఛాతీ విరుచుకుని కొనేశాడు!

మీ సెనోబియా.

తా.క. క్రమశిక్షణ తప్పలేదు. నడకే కొంచెం వంకరగా పడుతోంది.

కొచబాంబా

సెనోబియా, శభాష్!

ఆ మాటే ప్రతి ఇంట్లో చెప్పు. అక్షరం మార్చావో, ఊరుకోను.

ఎవరిస్తో.

తా.క. పెళ్లికి నేనూ వస్తున్నాను. పిలవకపోయినా వెళ్లడమే తెగింపంటే.

తారాటా

అయ్యా,

పెళ్లిలో జరిగింది మీరు డాన్సులో మునిగి చూడలేదు. పొట్లం విప్పితే కుక్కర్. ఇంకోటి విప్పితే కుక్కర్. ఊరంతా కుక్కర్ పద్రీనోలే! పెళ్లికొడుకు తల పట్టుకున్నాడు. అందరూ నావైపు తిరిగారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

ఎలోయిసా మాత్రం పకపకా నవ్వింది. "పెట్టినవాళ్లకు తిరిగి పెట్టడమే కదా మన 'ఐని' ఆనవాయితీ, ఎవరింట పెళ్లయితే వాళ్లది వాళ్లకు తిరిగి పెట్టేస్తాను, మళ్లీ కొనే పనే లేదు" అంది. అంటే ఈ ఊళ్లో ఇక మన కుక్కర్ ఒక్కటీ అమ్ముడుపోదు. ఊరి బేరమంతా ఒక్క పెళ్లిలో తెగ్గొట్టాను. ఉద్యోగం పోయిందని తెలుసు. ఏడుపొస్తోంది.

సెనోబియా.

తా.క. మీ టోపీ బ్యాండువాళ్ల డోలులో దొరికింది.

కొచబాంబా

సెనోబియా,

నిన్ను తీసేయడం లేదు. ఈ రోజు నుంచి నీ ఉద్యోగం పర్మనెంటు, తారాటాలోనే. అక్కడ ఇంకా ముఖ్యమైన పని మిగిలి ఉంది.

ఎవరిస్తో.

తా.క. ఆ పని ఇదీ. చిచా మత్తులో నేనూ ఒక కుక్కర్ చదివించాను. అది తిరిగి రావాలంటే నాకూ పెళ్లి కావాలి కదా. ఎలోయిసా మేనత్త దోన్యా ఫిలోమెనాతో రాత్రంతా డాన్స్ చేశాను గానీ, అడగడానికి నోరు పెగల్లేదు. నా తల్లివి కదూ, కాస్త నువ్వే అడిగి పెట్టు.