ఒక్కసారే తెరుచుకునే లింకు

ఆగస్టు 4, సోమవారం. పాల్వంచ

మా ఆఫీసులో పాస్‌వర్డ్ అంటే గుడి ప్రసాదం. మా పై ఆఫీసరు శ్రీనివాస్ సార్ వాట్సాప్ గ్రూపులో పెడతారు, అడిగినవాడికీ అడగనివాడికీ అందుతుంది. పోయిన నెల మా ఆరోగ్య కార్యకర్త ఒకరి లాగిన్ ఎవరి చేతిలోనో పడింది. ఒకావిడ టీబీ సంగతి ఆమె అత్తగారికంటే ముందే బస్టాండులో తెలిసిపోయింది. ఒళ్లు మండింది నాకు.

ఇప్పుడొక వెబ్ సర్వీస్ దొరికింది. నేను రాసిన చిన్న ప్రోగ్రాం దాని ఏపీఐకి, అంటే ప్రోగ్రాములు తట్టే తలుపుకి, పాస్‌వర్డ్ పంపితే, అది ఒక లింకు ఇస్తుంది. లింకు ఒక్కసారే తెరుచుకుంటుంది. చదవగానే లోపలిది చెరిగిపోతుంది. ఎన్నింటికి తెరిచారో మాత్రం నాకు తెలుస్తుంది. చిన్నపిల్లలా నాకు నేనే పంపుకుని, తెరిచి, మళ్లీ పంపుకుని చూశాను.

ఆగస్టు 5

కార్యకర్తలందరికీ కొత్త పాస్‌వర్డ్‌లు, లింకుల్లో. గింత దానికి గంత తతంగమా నాగలతా అన్నారు సార్. అవును సార్ అన్నాను.

ఆగస్టు 7

రూప్లి ఫోన్ చేసింది. ములకలపల్లి అవతల, అడవి అంచు తండాలో మా కార్యకర్త. గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ ఉండదక్కడ. లింకు ఒత్తితే ఎవరో చూసేసిండ్రని వస్తుంది మేడం అన్నది. మళ్లీ పంపాను.

ఆగస్టు 8

అదీ అంతే! మధ్యాహ్నం ఎవరో తెరిచారు. ఆ వేళ రూప్లి ఇళ్లు తిరుగుతోందట. మరి ఎవరు? భయం కన్నా కుతూహలమే ఎక్కువగా ఉంది, ఏం చేయను.

రూప్లికి మాత్రం అది ఆట కాదు. తండాలో ఒక పిల్లకు టీబీ పరీక్ష చేయించింది. ఎవ్వరికీ చెప్పనని మాటిచ్చింది. ఫలితం రూప్లి లాగిన్‌లోనే కనిపిస్తుంది, నాకు కూడా కనిపించదు. దగ్గు ఎక్కువవుతోందట, అదే ఇంట్లో అక్క చంటిబిడ్డ ఉందట. పిల్ల రోజూ నా మొఖమే చూస్తున్నది మేడం అన్నది. రేపు వెళ్తున్నాను.

ఆగస్టు 9, రాత్రి

దొంగ దొరికాడు. పేరు బిచ్యా తాత.

రోజూ మేకలు తోలుకుని గుట్టెక్కుతాడు. రూప్లి ఫోనుతో సహా తండా ఫోన్లన్నీ ఒక యూరియా సంచిలో వేసి ఆయన భుజానికి తగిలిస్తారు. పైన వాటికి సిగ్నల్ అందుతుంది. ఊరికే వదిలేస్తే ఫొటోలు దిగవు కదా, అందుకని వచ్చినదాన్నల్లా ఒత్తి దించిపెట్టడం ఆయన డ్యూటీ. అందరి ఫోన్ లాకులూ ఆయనకు తెలుసు! నీలం రంగుది వచ్చింది బిడ్డా, ఒత్తిన, ఫొటో ఏం దిగలే, ఇంగ్లీషు అక్షరాలు దిగినయ్, పాడైందనుకొని వాపస్ ఒత్తిన అన్నాడు. తాతకు చదవడం రాదు. అంటే ఆ పాస్‌వర్డ్‌లు చూసిన ఒకే ఒక్క మనిషికి అవేమిటో తెలియదు. నవ్వాపుకోలేకపోయాను. తాత కూడా నవ్వాడు.

రూప్లి నవ్వలేదు. ముగ్గురం వానలోనే గుట్టెక్కాం. అక్కడే ఇంకో లింకు చేశాను. ఈసారిది ఒత్తగానే తెరుచుకోదు, ముందు ఒక మాట అడుగుతుంది. ఆ మాట రూప్లి చెవిలో చెప్పాను. తనే లింకు తయారుచేసి పంపడం కూడా నేర్పాను. తాత ఇక ఎంత ఒత్తినా ఫరవాలేదు.

ఆమె లాగిన్ అయింది. ఫలితం చూస్తోంది. నేను మొహం తిప్పుకున్నాను. తాత అప్పటికే మేకల వైపు తిరిగి ఉన్నాడు. ఏమొచ్చిందని అడగాలని నోరు ఎంత దురద పెట్టిందో! రూప్లి ఏమీ చెప్పకుండా, జారుతున్నా చూసుకోకుండా జల్దీ జల్దీ గుట్ట దిగిపోయింది.

ఆగస్టు 12

అడగలేదు. ప్రాణం పోతోంది, అయినా అడగలేదు.

ఆగస్టు 23

రూప్లి నుంచి లింకు. లింకు ఆ మాటే అడిగింది, టైపు చేశాను. మూడే వాక్యాలు. మొదటిది, పిల్లనే మీకు చెప్పమన్నది మేడం అని. చదివాక గుండె తేలికైంది. మళ్లీ ఒత్తితే, ఇప్పటికే చూసేశారని వచ్చింది.

మిగతా రెండూ ఇక్కడ రాయను.