సొంఠి కషాయానికి సాక్ష్యం

రాజమ్మా,

నువ్వు పోయి నేటికి ఐదేళ్లు. నీలాగే మన మనవరాలికీ నెలసరికి ముందు కోపం, ఏడుపు, నడుంనొప్పి మొదలయ్యాయి. టాంగా కట్టించి అమీర్‌పేట నుంచి పంజగుట్ట డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. టాంగావాడి గుర్రానికీ నేనే వైద్యం చెప్పాననుకో, ఆ కథ పొడుగు. డాక్టరమ్మ దగ్గర నా సొంఠి కషాయం గొప్పలు మొదలుపెట్టాను.

"మా ఆమెకు మూడు దినాలల్ల తగ్గుతుండె."

"కషాయంతోటా తాతా, ముట్టు రాంగనే దానంతటదే తగ్గిందా? తాగని నెల సుత చూసిన్రా?"

చూడలేదు. ప్రతి నెలా పట్టుబట్టి తాగించాను కదా.

ఒకసారి నువ్వు గిలాస పక్కకు నెట్టి, "గిది వద్దు, జర నా దగ్గర కూసోరాదూ," అన్నావు.

"చల్లారితే పనిచెయ్యదే," అని, మళ్లీ వేడి చేయడానికి నేను పొయ్యి దగ్గరికి పోయాను.