స్విచ్‌కే ఉన్న తాళం

ఇరవై రెండేళ్లు లిఫ్టులు బాగుచేసి, ఎడమ కాలు మోకాలి దాకా పోగొట్టుకుని, ఆపైన ఏడేళ్లు నొప్పి మాత్రలకు బానిసై, పదకొండేళ్లుగా వాటిని మానేసి ఉన్న నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న చివరి వీలునామా ఇది. నా తెలివి మీద అనుమానం ఉన్నవారు మా అమ్మాయిని అడగవచ్చు. మాత్రల మత్తు ఉందేమోనని ఇన్నేళ్లుగా నా కళ్లలోకి టార్చి వేసి చూస్తున్నది అదే. దీన్ని అమలు జరిపే బాధ్యతా దానిదే.

1. నాలుగో అంతస్తులోని ఈ రెండు గదుల ఇల్లు నా తదనంతరం మా అమ్మాయికి సర్వహక్కులతో చెందాలి. వానాకాలంలో వంటగది తలుపు ఉబ్బుతుంది, కాస్త చిత్రిక పట్టించుకో తల్లీ. నేను రేపు, ఎల్లుండి అంటూ గడిపేశాను.

2. మందుల డబ్బా, తాళంతో సహా, దానిదే. పన్నెండేళ్ల వయసులో ఆ తాళంచెవిని మెడలో వేసుకుని బడికి వెళ్లింది. ఒకరోజు గుమ్మంలో కూలబడి, దాని కాళ్లు పట్టుకుని, ఒక్క మాత్ర ఇమ్మని ఏడ్చాను. 'ఇవ్వను నాన్నా' అంటూ తనూ ఏడ్చింది గానీ ఇవ్వలేదు. ఇప్పుడు నా కడుపులో గడ్డకు డాక్టరు మళ్లీ అవే మాత్రలు రాశాడు. తాళం ఇంకా దాని మెడలోనే ఉంది.

3. నా భార్య శాలువా మీద నాకు హక్కు లేదు. ఆపరేషన్ తర్వాత ఆమె వేసుకోవలసిన మాత్రలు నేను మింగి, సీసాలో విటమిన్ బిళ్లలు పోశాను. 'ఈ మందు పనిచేయడం లేదండీ' అని పళ్లు బిగబట్టి నాతోనే చెప్పుకునేది. ఆ ఏడే పోయింది. అమ్మాయికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆ శాలువా తీసి తన దగ్గర పెట్టుకుంది. శాలువా అమ్మాయిదే.

4. మా బిల్డింగు సెక్రటరీకి ఏమీ లేదు. లిఫ్టు ఆగితే నన్ను 'గురువుగారూ' అని, అది కదలగానే 'మత్తు మాత్రల మనిషి' అని పిలిచినందుకు ఈ నాలుగో క్లాజు మొత్తం ఆయనే ఉంచుకోవచ్చు.

5. ఇక నాతో పనిచేసిన నా తమ్ముడు. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. లిఫ్టు కింది గుంటలోకి దిగేవాడు కరెంటు ఆపి, స్విచ్ తాళం తన జేబులోనే వేసుకోవాలి. తాళం స్విచ్‌కే ఉందంటే లోపల మనిషి లేడని అర్థం. ఆ రోజు రెండు నిమిషాల పనే కదా అని తాళం స్విచ్‌కే వదిలేసి దిగాను. తమ్ముడు వచ్చి చూశాడు, తిప్పాడు. పద్ధతి ప్రకారమే తిప్పాడు. లిఫ్టు నా కాలి మీదికి దిగింది.

తాళం వాడి చేతికే ఇచ్చి, తిప్పవద్దని చెప్పానని ఆసుపత్రిలో అందరి ముందూ అన్నాను. 'స్విచ్‌కే ఉందన్నయ్యా' అన్నాడు వాడు, ఒక్కసారి. తర్వాత, అన్నయ్య అబద్ధమాడడని నమ్మి తన కళ్లనే అనుమానించుకున్నాడు. తప్పు వాడిదైనంత కాలం ప్రతి మాత్రకూ నాకొక సాకు ఉండేది. మాత్రలు మానాను. అబద్ధం మానలేకపోయాను.

పద్దెనిమిదేళ్లుగా వాడు ఏ లిఫ్టూ ఎక్కడు. అరిగిన మోకాళ్లతో ప్రతి ఆదివారం నాలుగు అంతస్తులూ ఎక్కి, పళ్ల సంచి గుమ్మంలో పెట్టి, నేను పలకరించనని తెలిసి దిగిపోతాడు. తలుపు వెనక కుర్చీలో కూర్చుని వాడి ఆయాసం వింటాను. లేచి తలుపు తీసే ధైర్యం లేక ఈ కాగితం చాటున దాక్కుంటున్నాను.

ఒరేయ్ తమ్ముడూ, నీ కళ్లు సరిగ్గానే చూశాయి. తప్పు నాదిరా.

6. నా పనిముట్ల సంచి, అందులో దాచిన ఆ స్విచ్ తాళం తమ్ముడికి చెందాలి. అమ్మాయీ, ఇది చదివే రోజు నువ్వే కిందికి వెళ్లు. బాబాయిని మెట్లెక్కనివ్వకు. అక్కడే ఐదో క్లాజు చదివి వినిపించు. తాళం బాబాయి జేబులో వెయ్యి. ఆ తర్వాత చెయ్యి పట్టుకుని లిఫ్టులో పైకి తీసుకురా.

తేదీ: మాత్రలు మానిన పన్నెండో ఏడు, జూన్ తొమ్మిది, ఆదివారం. పళ్ల సంచి ఇప్పుడే వచ్చింది. మెట్ల మీద అడుగుల చప్పుడు ఇంకా వినిపిస్తోంది.

(సంతకం) లిఫ్టు మెకానిక్, వాడి అన్న

సాక్షులు:
1. మూల మీది మందుల షాపాయన. నాకు మాత్రలు అమ్మనని మొహం మీదే చెప్పిన మొదటి మనిషి.
2. మత్తు మానేసినవాళ్ల మీటింగులో నా పక్క కుర్చీ ఆవిడ.