పెన్ను కింద పెట్టిన చప్పుడు

నూజివీడు, 1968 మే, మంగళవారం

మధ్యాహ్నం భోజనాల వేళకు మూర్తి వచ్చాడు. హైదరాబాదులో మా ఆఫీసు కంప్యూటరుకి నాతోపాటు ప్రోగ్రాములు రాసేవాడు, నాకంటే జూనియరు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, ప్రోగ్రాం ఉన్న చిల్లుల కార్డుల పెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. నేను సెలవు మీద వచ్చిన దగ్గర్నుంచీ లెక్క తప్పు వస్తోందట.

తోటలో మామిడి కోతలు జరుగుతున్నాయి. పాకలో మంచం మీద కార్డులు పరిచి చూశాను. ఒకేలాంటి కార్డులు రెండు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. రెండోది పొరపాటున పడిందనుకుని, నేను బయల్దేరే ముందురోజు తనే తీసేశాడట.

"అడగొచ్చు కదయ్యా! పక్క బల్ల దగ్గరే ఉన్నాను కదా?"

"అడుగుదామనే ఆరోజు మీ బల్ల దాకా వచ్చానండీ. మీరేమీ తిట్టరు. పెన్ను కింద పెట్టి మొహం వంక చూస్తారు. దానికే భయమండీ. ఆఫీసులో ఎవరం మిమ్మల్నేమీ అడగం."

రసం పండు జుర్రుకుంటూ మామూలుగానే అన్నాడు. నొప్పిస్తున్నానని అతనికి తోచలేదు. నాకూ నొప్పి తెలియలేదు. కొత్త కార్డులో ఏముండాలో రాసిచ్చి, పళ్ల బుట్ట కట్టించి, సాయంత్రం బస్సెక్కించాను.

"నువ్వంటే ఎంత చనువో ఆ అబ్బాయికి" అంది అమ్మ.

కోపమైనా రావాలి, సిగ్గయినా వేయాలి. ఏదీ లేదు. సెలవయ్యాక వెళ్లి ఎవరి వంక ఎలా చూడాలో...

ఇందాక పెన్ను బల్ల మీద పెడితే టక్కుమంది. ఇన్నేళ్లలో ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు.