ఏ లైట్లు కొనాలి, బావా?

కోరుట్ల,
ఆగస్టు 1990

ప్రియమైన రాజనర్సు బావకు,

నీ చెల్లెలి చివరి రోజు గురించి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ పొద్దున బాలలక్ష్మి ఎప్పటిలాగే మా ఫొటో స్టూడియో ఊడ్చింది. కడుపునొప్పి అంది. మధ్యాహ్నానికి కూర్చోలేకపోయింది. అడవిలోని అన్నలు బంద్ ప్రకటించారు, బస్సులు లేవు. పాలవ్యానులో జగిత్యాలకు బయల్దేరాం. దారిలోనే నా ఒడిలో పోయింది. నీకు ఫోన్ చేయించి, ఆమె మీద కప్పాల్సిన తల్లిగారి చీర కోసం ఎదురుచూశాం. నువ్వు చీర పట్టుకుని సైకిల్ మీద కథలాపూర్ దాకా వచ్చావనీ, పోలీసులు వెనక్కి పంపారనీ తర్వాత తెలిసింది. కట్టిన చీర కప్పొద్దన్నారు. దుకాణాలు మూసి ఉన్నాయి. ఇంట్లో ఉన్న తెల్లబట్ట తీసిచ్చాను. "పునిస్త్రీకి తెల్లబట్టేంది బిడ్డా?" అని పోచవ్వ పెద్దమ్మ ఏడ్చింది. తనే దాన్ని పసుపునీళ్లలో ముంచి కప్పింది.

ఇక లైట్ల సంగతి. మీ నేత సంఘం చీరలకు ఫొటోలు తీయమన్నావు, అందుకు చవకలో మంచి లైట్లు చూసుకోమన్నావు. నాకేమీ తేలడం లేదు. ఈమధ్య నా పాత బల్బుల కింద ముఖాలు మాడినట్టు వస్తున్నాయి. హాలోజన్ చవక. నీడ ఎక్కడ పడుతుందో ముందే కంటికి కనిపిస్తుంది. కానీ దాని కింద తెల్ల చీర కూడా పసుపు చీరే. గొడుగు ఫ్లాష్‌కు రంగు ఉన్నది ఉన్నట్టు వస్తుంది, నీడల సంగతి మాత్రం ఫిల్మ్ కడిగేదాకా తెలియదు. ధర కూడా అందదు. బ్యాటరీ ఫ్లాష్ అందుతుంది. అది ఉందని తెలిస్తే పోలీసు జీపు వస్తుంది, అడవిలో చచ్చిపడి ఉన్నవాళ్లను ఫొటో తీయమంటారు. హాలోజన్ అనుకుంటాను. టీ తాగేలోపు ఫ్లాష్ అనుకుంటాను. స్టూడియో మూసేద్దామని కూడా అనుకుంటాను.

నిన్న మల్లాపూర్ నుంచి లసుమవ్వ ఫొటో దిగడానికి వచ్చింది. పాత గిరాకీ. కూర్చోగానే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీ దీపాలు కండ్లల్ల పొడుస్తున్నయ్ సారూ. ఎన్కట గిట్ల లేకుండె."

"అవే బల్బులు అవ్వా."

"అవే అయితే నా కండ్లకేమన్న రోగమా? నీ పెండ్లాం ఏం జేస్తుండెనో ఏమో, ఎన్నెల తీర్గ సల్లగుండె."

లైట్ల స్టాండ్ల వైపు చూశాను. బల్బుల ముందు కట్టిన తీగకు బట్టల క్లిప్పులు ఉత్తగా వేలాడుతున్నాయి. ఫొటో తీసేముందు బాలలక్ష్మి వాటికి తెల్లబట్ట తగిలించేది. నువ్వు నేసిచ్చిన బట్టే. వెలుగు దాని గుండా మెత్తబడి వచ్చేది. ఆ రోజు నేను తీసిచ్చింది దాన్నే. ఇన్నాళ్లూ బల్బులను తిట్టుకున్నాను.

లసుమవ్వను ఇంకోరోజు రమ్మన్నాను. "గింత మంచిగ మొకం కడుక్కొనొస్తి, మల్ల కడుక్కోవాల్నా?" అని తిట్టుకుంటూ పోయింది.

ఏ లైటు మంచిదో నాకు ఇప్పటికీ తెలియదు. ముఖాలకు ఈ బల్బులే, ముందు బట్ట. చీరలకు కిటికీ వెలుగు, దానికీ అదే బట్ట. చాలుతుందో లేదో తీసి చూడాలి. ప్రస్తుతానికి ఏమీ కొనను.

ఈ ఉత్తరం సాయంత్రం బస్సు కండక్టర్ సాయిలు చేతికిస్తున్నాను. గంజి పెట్టని తెల్లబట్ట కోసి ఉంచు. ఆ రోజు నువ్వు వెనక్కి తీసుకెళ్లిన చీర ఇంకా నీ పెట్టెలోనే ఉందని మీ ఇంట్లో అక్క చెప్పింది. మీ సంఘం చీరలకంటే ముందు దాన్ని ఫొటో తీస్తాను. రేపు పొద్దున కథలాపూర్ మీదుగా వచ్చే మొదటి బస్సెక్కి, ఆ చీర తెచ్చుకోవడానికి నీ ఇంటికి వస్తాను.

నీ
పరశురాములు